ఆలం ఎంత పెంచినా క్లారిఫైయర్ మీద నలుసు పోవడం లేదు, ఎక్కడ వెతకాలి?

గోదావరిగట్టు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. గోదావరి నీళ్లు తీసుకునే 20 ఎంఎల్‌డీ (రోజుకు 2 కోట్ల లీటర్లు) తాగునీటి శుద్ధి ప్లాంట్ ఇది. క్లారిఫ్లాక్యులేటర్ (మధ్యలో మట్టిని ముద్దలు కట్టించి, చుట్టూ తేర్చే గుండ్రటి ట్యాంకు) ఒక్కటే ఉంది. బయటి వ్యాసం 30 మీటర్లు, మధ్యలో ఫ్లాక్యులేటర్ 12 మీటర్లు, గోడ దగ్గర నీటి లోతు 3.5 మీటర్లు. ఎండాకాలం రా వాటర్ (శుద్ధి చేయని నీరు) 20 ఎన్‌టీయూ (నీటి మసకని కొలిచే యూనిట్) దగ్గర ఉండేది. లీటరుకు 25 మి.గ్రా. ఆలంతో (పటికతో) సెటిల్డ్ వాటర్ (ట్యాంకులో తేరి బయటికొచ్చే నీరు) 5 దాటేది కాదు. ఎర్రనీరు మొదలయ్యాక రా వాటర్ 350కి చేరింది.

జార్ టెస్టులో (జాడీల్లో వేర్వేరు డోసులు వేసి చూసే పరీక్షలో) 60 మి.గ్రా.కే నీళ్లు తేటపడుతున్నాయి. ప్లాంట్‌లో మాత్రం 60 చాలలేదు, 75 చాలలేదు, ఇప్పుడు రిజిస్టర్ ప్రకారం 90 ఇస్తున్నాం. అయినా సెటిల్డ్ వాటర్ 22 ఎన్‌టీయూ వస్తోంది. రోజుకోసారి బ్యాక్‌వాష్ (నీటిని కింది నుంచి ఎదురు పంపి కడగడం) చేసే ఫిల్టర్లు 8 గంటలకే బిగుసుకుపోతున్నాయి.

కంటికి కనిపించేది: ట్యాంకు అంతటా సన్నటి నలుసు ఉంది. అది కాక, బ్రిడ్జ్ (అడుగు బురదని తోసే స్క్రేపర్‌తో ట్యాంకు మీద చుట్టూ తిరిగేది) వెళ్లిన వెనక గోడ వైపు మబ్బులా మట్టి పైకి లేస్తోంది. స్లడ్జ్ బ్లీడింగ్ (అడుగు బురద బయటికి తీయడం) 200 మి.మీ. లైన్ మీద షిఫ్టుకి ఒకసారి 10 నిమిషాలు. ఆలం దిమ్మలు వేసి 5,000 లీటర్ల ట్యాంకులో 10 శాతం ద్రావణం చేస్తాం.

డోసు ఇంకా పెంచాలా? పాలిమర్ వేయాలా? ట్యూబ్ సెట్లర్లు (ట్యాంకులో పేర్చే వాలు గొట్టాలు) పెడితే సరిపోతుందని ఒక ప్రతిపాదన కూడా నడుస్తోంది. మీ అభిప్రాయం చెప్పండి.

ఫిల్టర్‌హౌస్

డోసు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు రాసినవి రెండు లక్షణాలు, వాటికి కారణాలు కూడా వేర్వేరు. ట్యాంకు అంతటా ఒకేలా సన్న నలుసు ఉంటే లోపం క్లారిఫైయర్‌కి ముందే ఉంది: డోసో, కలపడమో, పీహెచ్‌చో. బ్రిడ్జ్ వెనకే మబ్బు లేస్తోందంటే అడుగున స్లడ్జ్ మట్టం పెరిగింది. ఇంకో రెండు కూడా గుర్తుంచుకోండి, రేపు పనికొస్తాయి. నలుసు ఒక్క వైపు నుంచే పొర్లుతుంటే వియర్ (నీరు పొర్లే అంచు ప్లేటు) మట్టం చూడాలి. నల్లటి ముద్దలు బుడగలతో పాటు తేలితే అడుగున స్లడ్జ్ కుళ్లి గ్యాస్ పడుతోందని అర్థం.

అసలు ఈ ట్యాంకు ఏం చేయగలదో, ఏం చేయలేదో లెక్క వేస్తే సగం సందేహాలు తీరతాయి. నీరు గంటకు 833 ఘ.మీ. వస్తోంది. ఫ్లాక్యులేటర్ తీసేస్తే తేరుకునే విస్తీర్ణం 594 చ.మీ. అంటే నీరు పైకి ఎక్కే వేగం గంటకు 1.4 మీటర్లు, సెకనుకు 0.39 మి.మీ. ఇంతకంటే వేగంగా కిందకి దిగేదే ట్యాంకులో ఆగుతుంది, మిగిలినది లాండర్‌లోకి (తేటనీటిని పట్టే అంచు కాలువలోకి) పోతుంది. 1904లో అలెన్ హేజెన్ చెప్పింది ఇదే. తేర్చడంలో లెక్కకొచ్చేది పై విస్తీర్ణం, లోతు కాదు. రోజువారీ లెక్కలో మీది చదరపు మీటరుకు 34 ఘ.మీ. అవుతుంది. సీపీహెచ్‌ఈఈఓ (కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ) మాన్యువల్ ఆలం ఫ్లాక్‌కి (ఆలంతో కట్టిన మట్టి ముద్దలకి) చెప్పే 30 నుంచి 40 లోపే ఉంది. కాబట్టి ట్యాంకు చిన్నదైపోయిందన్న వాదన ఇక్కడ నిలబడదు.

ఇప్పుడు రేణువుల వైపు నుంచి చూడండి. 0.1 మి.మీ. ఇసుక రేణువు 3.5 మీటర్లు ఏడెనిమిది నిమిషాల్లో దిగిపోతుంది. ఒక మైక్రాన్ బంకమట్టి రేణువు అదే లోతు దిగాలంటే నెల పైన పడుతుంది, అదీ నీరు కదలకుండా ఉంటే. మీ ట్యాంకులో నీరు ఉండేది రెండున్నర గంటలు. పైగా ఆ రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. ఆలం చేసే పని ఆ ఆవేశాన్ని చంపడం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురుగా ఏర్పడి వాటిని చుట్టబెట్టడం. గోదావరి వరదలో పనిచేసేది ఎక్కువగా ఈ రెండోదే. అలా తయారైన మిల్లీమీటరు సైజు ఫ్లాక్ సెకనుకు 0.5 నుంచి 1 మి.మీ. దిగుతుంది. 0.39కీ దీనికీ మధ్య ఉన్న తేడా ఎంతో చూడండి. ఫ్లాక్ కాస్త చిన్నదైనా, నీటి వేగం ఒక మూల కాస్త పెరిగినా ఆ తేడా కరిగిపోతుంది.

ఇక స్లడ్జ్. మీ ప్రశ్నలో నాకు వెంటనే కళ్లబడింది షిఫ్టుకి ఒకసారి 10 నిమిషాలన్న మాట. 200 మి.మీ. లైన్‌లో సెకనుకు 2 మీటర్ల వేగం అనుకుంటే నిమిషానికి 3.8 ఘ.మీ., రోజుకు మూడు బ్లీడింగులకి 113 ఘ.మీ. బయటికి పోతుంది. ఎండాకాలం లెక్క ఇది: 20 ఎన్‌టీయూకి సుమారు 24 మి.గ్రా. మట్టి, 25 మి.గ్రా. ఆలం నుంచి 0.44 వంతు చొప్పున 11 మి.గ్రా. హైడ్రాక్సైడ్, మొత్తం 35. ఇరవై ఎంఎల్‌డీకి రోజుకు 700 కిలోల పొడి స్లడ్జ్. ఒక శాతం చిక్కదనంతో తీస్తే 70 ఘ.మీ. మీ 113 దానికి చాలు.

వరదలో 350 ఎన్‌టీయూకి 420 మి.గ్రా. మట్టి, 90 మి.గ్రా. ఆలం నుంచి 40, మొత్తం 460. రోజుకు 9.2 టన్నులు! పదమూడు రెట్లు. ఒకటిన్నర శాతం చిక్కదనంతో తీసినా 613 ఘ.మీ. బయటికి పోవాలి. మీరు తీస్తున్నది 113. మిగిలిందంతా ట్యాంకు అడుగునే ఉంది. షిఫ్టు మొత్తం బ్లీడింగ్ లేకపోతే 200 ఘ.మీ. పైన పేరుకుంటుంది, అడుగు అంతటా పరిస్తే ఒక అడుగు మందం దాటుతుంది. (ఎన్‌టీయూకీ మి.గ్రా.కీ మధ్య 1.2 రెట్లు అన్నది అంచనా మాత్రమే. ఏరుని బట్టి 1 నుంచి 2 దాకా మారుతుంది, మీ ల్యాబ్‌లో ఆరబెట్టి తూచి చూసుకోండి.)

గోడ దగ్గరే మబ్బు ఎందుకు లేస్తుందంటే, మట్టినీరు తేటనీటి కంటే బరువు. పార్టిషన్ గోడ కింద నుంచి బయటికి రాగానే అడుగున పాకుతూ పోయి, బయటి గోడకి తగిలి పైకి ఎక్కుతుంది. సరిగ్గా అక్కడే మీ లాండర్ ఉంటుంది. దారిలో స్లడ్జ్ మేట ఎత్తుగా ఉంటే దాన్ని గీరుకుంటూ వస్తుంది.

గంటకోసారి 7 నిమిషాలు తీయండి. లెక్క ప్రకారం అది రోజుకు 630 ఘ.మీ. దాకా వస్తుంది. షిఫ్టుకి ఒకసారి గంటసేపు తెరిచినా అంతే కదా అనకండి. ఎక్కువసేపు తెరిస్తే హాపర్ (బురద చేరే అడుగు గుంట) మీద గొయ్యిలా పడి, చుట్టూ ఉన్న స్లడ్జ్ కదలకుండా తేటనీరే దిగిపోతుంది. వాల్వ్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది: మొదట చిక్కటి బురద, తర్వాత పలచన. పలచన పడగానే కట్టేయాలి. 7 నిమిషాలకీ చిక్కగానే వస్తుంటే ఆ పూట ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచండి.

ల్యాబ్‌బెంచ్

స్లడ్జ్ లెక్కతో ఏకీభవిస్తాను. కానీ సన్న నలుసుకి అది జవాబు కాదు. జార్‌లో 60కి తేటపడి ప్లాంట్‌లో 90కి పడకపోతే రెండు అవకాశాలు. ఒకటి, మీ జార్ టెస్ట్ మీకు అబద్ధం చెబుతోంది. రెండోది, మీ రిజిస్టర్ చెబుతోంది. రెండూ చూడండి.

జార్ టెస్ట్ సంగతి. చాలా ల్యాబుల్లో నిమిషంపాటు 100 ఆర్‌పీఎం, 20 నిమిషాలు 30 ఆర్‌పీఎం తిప్పి, అరగంట వదిలేసి పైనీరు తీసి చూస్తారు. అరగంట వదలడం బిందెలో పటిక తిప్పి రాత్రంతా ఉంచడం లాంటిదే, దాదాపు ఏ డోసైనా తేటపడుతుంది. మీ క్లారిఫైయర్ వేగం నిమిషానికి 2.3 సెం.మీ. కాబట్టి జార్‌లో పై నుంచి 10 సెం.మీ. లోతున ఉన్న నీటిని, కలపడం ఆపాక 4 నిమిషాల 20 సెకన్లకి తీయాలి. అదే ట్యాంకుకి సరిపోలే శాంపిల్. నిజం ట్యాంకు ఎప్పుడూ ఆదర్శంగా పనిచేయదు కాబట్టి 3 నిమిషాలకి ఇంకొకటి కూడా తీయండి. బీకరులో సైఫన్ ట్యూబ్‌ని 10 సెం.మీ. గుర్తు దగ్గర ముందే కట్టి ఉంచుకుంటే సరిపోతుంది. తిప్పడం ఆగాక చెయ్యి పెట్టకూడదు.

డోసింగ్‌కి ఒక శాతం ద్రావణం ఆ రోజే చేసుకోండి, 10 గ్రాములు లీటరులో. లీటరు జార్‌కి 1 మి.లీ. వేస్తే 10 మి.గ్రా. డోసు. కొనే ఆలంతోనే చేయాలి. ల్యాబ్ రీఏజెంట్ సీసాలోది వాడితే దిమ్మల్లో ఉన్న కరగని మడ్డి లెక్కలోకి రాదు.

రిజిస్టర్ నిజమా కాదా అన్నది తేల్చడానికి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే క్షారగుణం) చాలు. లీటరుకు ఒక మి.గ్రా. ఆలం సుమారు 0.45 నుంచి 0.5 మి.గ్రా. ఆల్కలినిటీని తినేస్తుంది. రా వాటర్‌దీ, సెటిల్డ్ వాటర్‌దీ ఆల్కలినిటీ టైట్రేట్ చేసి తేడా తీయండి. 90 నిజంగా పడుతుంటే 40 నుంచి 45 తగ్గాలి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఇదే టెస్ట్ ఇంకో ప్రమాదాన్ని కూడా చూపిస్తుంది. వాననీరు కలిసిన వరదనీటిలో ఆల్కలినిటీ పడిపోతుంది. రా వాటర్‌లో 50 ఉండి మీరు 90 ఆలం వేస్తే దాదాపు మొత్తం అయిపోతుంది, పీహెచ్ 6 కిందకి జారుతుంది, ఫ్లాక్ కట్టదు. డోసు పెంచినకొద్దీ ఇంకా చెడుతుంది. కరిగిన అల్యూమినియం ఫిల్టర్ దాటి, క్లియర్ వాటర్ సంపులో సున్నం కలిశాక అక్కడ ఫ్లాక్ కడుతుంది! తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో అల్యూమినియం 0.03 మి.గ్రా., ప్రత్యామ్నాయం లేనప్పుడు 0.2 వరకే. ఆలం తిన్నాక కనీసం 30 మి.గ్రా. ఆల్కలినిటీ మిగలాలి. లేకపోతే ఆలంకి ముందు సున్నం ఇవ్వాలి, ఆలం మి.గ్రా.కి 0.37 మి.గ్రా. తడిసున్నం (హైడ్రేటెడ్ లైమ్) చొప్పున. రెండూ ఒకే చోట ఒకేసారి పోయకండి. ముందు సున్నం కలిశాకే ఆలం పడాలి.

ఫ్లాష్ మిక్సర్ (ఆలంని నీటిలో వేగంగా కలిపే ఫ్యాన్) కూడా ఒకసారి చూడండి. ఆలం నీటిలో పడ్డాక రసాయన చర్య అయిపోవడానికి పట్టేది కొన్ని సెకన్లే. డోసింగ్ పైపు ఫ్యాన్ దగ్గర కాకుండా గోడ వారన కారుతుంటే, సగం నీటికి ఆలం ఎక్కువ, సగానికి తక్కువ. ఆ తర్వాత ఎంతసేపు తిప్పినా సరికాదు.

గోదావరిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. రీడింగులు ఇవిగో. రా వాటర్ ఆల్కలినిటీ 88, సెటిల్డ్ వాటర్ 66. పీహెచ్ 7.8 నుంచి 7.3. డోసింగ్ రోటామీటర్ (ప్రవాహం కొలిచే గొట్టం) నిమిషానికి 12.5 లీటర్లు చూపిస్తోంది, కొలజాడీ పెట్టి చూస్తే కూడా అంతే. ఫ్లాష్ మిక్సర్ తిరుగుతోంది, పైపు ఫ్యాన్ మీదే పడుతోంది. బ్లీడింగ్ గంటకోసారి మొదలుపెట్టాం, మొదటి నాలుగైదు సార్లు 7 నిమిషాలకీ పలచన పడలేదు.

ల్యాబ్‌బెంచ్

88 లోంచి 66 పోతే 22. అంటే నిజంగా పడుతున్న ఆలం 44 నుంచి 49 మి.గ్రా. మధ్య. జార్ చెప్పిన 60 కంటే తక్కువ! రిజిస్టర్‌లో 90 అని రాసుకుంటూ అసలు డోసుకి దిగువన నడుపుతున్నారు. సన్న నలుసు అందుకే.

ప్రవాహం 12.5 లీటర్లు సరిగానే ఉంది కాబట్టి తప్పు ద్రావణం చిక్కదనంలో ఉంది. హైడ్రోమీటర్ వేయండి. 10 శాతం ఆలం ద్రావణం సాంద్రత 1.05 దగ్గర ఉండాలి. 1.025 చూపిస్తే అది 5 శాతమే. కారణం కూడా ఊహించవచ్చు. 25 మి.గ్రా. డోసప్పుడు గంటకు 208 లీటర్లే కావాలి, 5,000 లీటర్ల ట్యాంకు 24 గంటలు వచ్చేది. దిమ్మలు కరగడానికి రోజంతా సమయం ఉండేది. 90కి గంటకు 750 లీటర్లు. ట్యాంకు 6 గంటల 40 నిమిషాల్లో ఖాళీ. కొత్తగా నింపి 500 కిలోల దిమ్మలు బుట్టలో పడేసి గంటలోనే వాడకం మొదలుపెడితే సగం దిమ్మలు బుట్టలోనే ఉంటాయి. పైగా మట్టం తగ్గిందని మధ్యలో నీళ్లు పోసే అలవాటు ఉంటే ఇక చెప్పేదేముంది.

దిమ్మల్ని సుత్తితో పిడికెడు ముక్కలు చేసి వేయించండి. బుట్ట మునిగి ఉండాలి, నీటి పైకి బయటపడి ఉన్న దిమ్మ కరగదు. రెండు ట్యాంకులుంటే ఒకటి వాడుతుండగా రెండోది స్టిరర్‌తోనో గాలితోనో కలుపుతూ ఉండాలి. హైడ్రోమీటర్ చూడకుండా ట్యాంకు మార్చకూడదని షిఫ్ట్ వాళ్లకి చెప్పండి.

ఒక హెచ్చరిక. ద్రావణం నిజంగా 10 శాతానికి రాగానే రోటామీటర్‌ని 12.5 నుంచి 8.3 లీటర్లకి తగ్గించాలి, అది 60 మి.గ్రా.కి సరి. మరిచిపోతే ఒక్కసారిగా అసలైన 90 పడుతుంది. మీ ఆల్కలినిటీకి అది ప్రమాదం కాదు కానీ, ఆలం దండగ, స్లడ్జ్ అదనం.

పాలిమర్ అడిగారు. ఇప్పుడు వద్దు. ఆలం డోసు సరిచేశాక కూడా ఫ్లాక్ తేలికగా ఉందనిపిస్తే తాగునీటి గ్రేడ్ యానయానిక్ (రుణావేశమున్న) పాలీఎలక్ట్రోలైట్ 0.1 నుంచి 0.2 మి.గ్రా., ఆలం పడిన ఒకటి రెండు నిమిషాల తర్వాత, 0.1 శాతం ద్రావణంగా. ఎక్కువైతే ఫిల్టర్ ఇసుక ముద్దలు కడుతుంది, ఆ ముద్దలు బ్యాక్‌వాష్‌కి విడవు.

గేర్‌బాక్స్

మెకానికల్ వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నాలుగు మాటలు. బ్లీడింగ్ ఎంత పెంచినా స్క్రేపర్ బురదని మధ్య హాపర్ దాకా తోయకపోతే ఉపయోగం లేదు.

బ్రిడ్జ్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం స్టాప్‌వాచ్‌తో చూసి, మాన్యువల్లో ఉన్నదానితో పోల్చండి. గోడ మీద నడిచే రబ్బరు చక్రం వానలో పాకుడు పట్టిన కాంక్రీట్ మీద జారుతుంది. మోటార్ తిరుగుతూనే ఉంటుంది, బ్రిడ్జ్ మాత్రం అక్కడే. ట్రాక్ మీద పాకుడు బ్రష్‌తో గీకించండి, గ్రీజు చుక్క కూడా పడకూడదు. మోటార్ ఆంపియర్లు మామూలు కంటే ఎక్కువ చూపిస్తే అడుగున స్క్రేపర్ బురదలో కూరుకుంటోందని, బాగా తక్కువైతే స్క్రేపర్ చెయ్యి ఊడి బ్రిడ్జ్ ఒక్కటే తిరుగుతోందని అనుమానించాలి. స్లడ్జ్ మేట పెరిగిపోయిందని బ్రిడ్జ్ ఆపడం మాత్రం చేయొద్దు. ఒక రాత్రి ఆపితే గట్టిపడుతుంది, తెల్లారి స్టార్ట్ చేస్తే చెయ్యి వంగుతుంది.

ట్యాంకు ఖాళీ చేయకుండా మేట ఎంతుందో తెలుసుకోవాలంటే, పొడవాటి పైపుకి చివర అడుగు వెడల్పు తెల్ల రేకు బిగించి బ్రిడ్జ్ మీద నుంచి దింపండి. తేటనీటిలో అయితే రేకు కనుమరుగైన చోటు, మట్టినీటిలో అయితే చేతికి మెత్తగా తగిలిన చోటు మేట పైభాగం. మధ్య నుంచి గోడ దాకా మూడు చోట్ల, నాలుగు దిక్కుల్లో చూసి రాసుకోండి. అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటే బ్లీడింగ్ చాలడం లేదు. గోడ వైపు ఎక్కువ, మధ్యలో తక్కువ ఉంటే స్క్రేపర్ తోయడం లేదు. కింద రబ్బరు పట్టీలు అరిగిపోవడం ఎక్కువగా చూసే లోపం.

వియర్ సంగతి ఫిల్టర్‌హౌస్ గారు ఒక్క ముక్కలో వదిలేశారు. 94 మీటర్ల చుట్టుకొలత మీద 20 సెం.మీ.కి ఒకటి చొప్పున వీ-నాచ్‌లు (వీ ఆకారపు గాట్లు) అనుకుంటే 470 దాకా ఉంటాయి, ఒక్కోదాంట్లో నీటి ఎత్తు సుమారు 4.2 సెం.మీ. తొంభై డిగ్రీల నాచ్‌లో ప్రవాహం ఎత్తుకి రెండున్నర ఘాతంతో మారుతుంది. కాబట్టి ఒక వైపు ప్లేటు కేవలం ఒక సెంటీమీటరు కిందికి దిగితే అక్కడ నీరు 1.7 రెట్లు పోతుంది. ఒక సెంటీమీటరు పైకి లేచిన వైపు సగమే పోతుంది. సగటు వేగం ఎంత బాగున్నా దిగిన వైపు ఫ్లాక్ పొర్లుతుంది. గాలి లేని ఉదయం పూట స్కేలు పట్టుకుని పది పన్నెండు నాచ్‌ల్లో ఎత్తు కొలవండి. ప్లేటు బోల్టు రంధ్రాలు నిలువుగా సాగి ఉంటాయి, వదులు చేసి సర్దుకోవచ్చు. నాచ్‌ల్లో పాకుడు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే కూడా ఇదే ఫలితం.

ఫ్లాక్యులేటర్ ప్యాడిళ్ల అంచు వేగం సెకనుకు 0.3 నుంచి 0.4 మీటర్ల దగ్గర ఉంచండి. కలిస్తే మంచిదని వేగం పెంచేవాళ్లున్నారు. విరిగిన ఆలం ఫ్లాక్ మళ్లీ అదే సైజుకి అతకదు.

చెరువుగట్టు

ఈ చర్చ చదివే డెల్టా వాళ్ల కోసం. కాలువలు కట్టేశాక సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల మీద నడిచే ప్లాంట్లలో సమస్య తలకిందులుగా ఉంటుంది. మట్టి 5 ఎన్‌టీయూ కూడా ఉండదు, నాచు ఉంటుంది. మట్టి తక్కువైతే రేణువులు ఒకదానికొకటి తగలడమే తక్కువ, అందుకని పలచటి నీరు తేర్చడం వరదనీటి కంటే కష్టం.

నాచు ఎండలో కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని పీహెచ్‌ని మధ్యాహ్నానికి 9 దాకా తీసుకెళ్తుంది. ఆ పీహెచ్‌లో అల్యూమినియం సరిగ్గా ఫ్లాక్‌గా మారక కరిగే ఉంటుంది. పైగా నీటిలో ఆక్సిజన్ ఎక్కువై సన్న బుడగలు ఫ్లాక్‌కి అంటుకుని తేలుస్తాయి. తెల్లవారుజామున తేటగా ఉండి మధ్యాహ్నం 2 తర్వాత ఫ్లాక్ పైకొస్తే కారణం దాదాపు ఇదే. ఇన్‌టేక్‌లో కింది గేటు ఉంటే అక్కడి నుంచి తీయండి, వీలైతే రాత్రి పంపింగ్ పెంచి పగలు తగ్గించండి. ముందస్తు క్లోరిన్ పనిచేస్తుంది కానీ చచ్చిన నాచు వాసన వదులుతుంది, క్లోరిన్ ఉపోత్పత్తులూ పెరుగుతాయి, కాబట్టి కొద్దిగానే. పీఏసీకి (పాలీ అల్యూమినియం క్లోరైడ్‌కి) మారితే పీహెచ్ పరిధి కాస్త కలిసొస్తుంది. అదనంగా కొంచెం బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) వేసి బరువు ఇవ్వడం కూడా చేస్తారు. జార్ టెస్టులో చూసుకోకుండా మాత్రం వద్దు.

గోదావరిగట్టు

హైడ్రోమీటర్ 1.026 చూపించింది. ల్యాబ్‌బెంచ్ గారు చెప్పినట్టు దిమ్మలు పగలగొట్టించి రెండో ట్యాంకు కూడా వాడుతున్నాం. 1.049 వచ్చాక రోటామీటర్ 8.3కి దించాం. సెటిల్డ్ వాటర్ 22 నుంచి 9కి వచ్చింది, బ్లీడింగ్ కొనసాగుతోంది. రేకు దించి చూస్తే తూర్పు వైపు గోడ దగ్గర మేట మిగతా మూడు దిక్కుల కంటే ఎక్కువగా ఉంది. ట్యాంకు ఇప్పుడే ఖాళీ చేసి స్క్రేపర్ చూడాలా? ట్యూబ్ సెట్లర్ల ప్రతిపాదన మీద కూడా ఎవరైనా చెప్పండి.

ఫిల్టర్‌హౌస్

9 అంటే దారిలో పడ్డారు. గంటగంటకీ బ్లీడింగ్ చేస్తూ మేట దిగితే 5 లోపు వస్తుంది. ఫిల్టర్ తర్వాత 1 ఎన్‌టీయూ లోపు నిలబెట్టాలంటే అక్కడికి రావాలి.

ట్యూబ్ సెట్లర్లు మంచివే, కానీ మీ రోగానికి మందు కాదు. 60 డిగ్రీల వాలుతో పేర్చిన గొట్టాలు చేసే పని తేర్చే విస్తీర్ణాన్ని పెంచడం. అదే ట్యాంకులోంచి ఎక్కువ నీరు తీయాలంటే, 20ని 30 ఎంఎల్‌డీ చేయాలంటే పెట్టుకోండి. ఫ్లాక్ కట్టని రేణువు గొట్టంలో కూడా దిగదు. పైగా వాటి కింద స్లడ్జ్ తీయకపోతే గొట్టాల్లోకే మేట ఎక్కుతుంది. పెట్టినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నీళ్లు దించేటప్పుడు నెమ్మదిగా దించుతూ పైపుతో కడగాలి. బురద నిండిన గొట్టాల కింద నీటి ఆసరా పోతే ఆ బరువుకి మాడ్యూళ్లు కుంగి, సపోర్టు యాంగిళ్లతో సహా కింద పడతాయి.

ఖాళీ చేయడం మాత్రం ఇప్పుడు ససేమిరా వద్దు. ఏటి గట్టున, వరదలో, భూగర్భ జలం పైనే ఉంటుంది. మీ ట్యాంకు అడుగు నేల మట్టానికి 3.5 మీటర్ల కింద ఉండి, నీటి మట్టం నేలకి మీటరు లోతులో ఉందనుకుంటే, అడుగు స్లాబ్‌ని చదరపు మీటరుకు రెండున్నర టన్నులు పైకి తోస్తుంది. 30 సెం.మీ. స్లాబ్ బరువు ముప్పావు టన్నే. లోపల నీళ్లు ఉన్నంతకాలం ఏం కాదు, తీసేస్తే స్లాబ్ పగులుతుంది, లేదా ట్యాంకు మొత్తం లేస్తుంది. అడుగున ప్రెషర్ రిలీఫ్ వాల్వులు ఉన్నాయో లేదో డ్రాయింగ్‌లో చూడండి. ఉన్నా ఏళ్ల తరబడి బురద కింద ఉన్నవి పనిచేస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. తూర్పు వైపు స్క్రేపర్ అనుమానమే అయితే డైవర్‌ని దింపించి చూడండి, బ్రిడ్జ్ కరెంటు లాక్ చేసి, తాళం చెవి డైవర్ మనిషి జేబులో ఉండగా. పూర్తిగా ఖాళీ చేసే పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. అప్పుడు కూడా పక్కనున్న బోరులో నీటి మట్టం కొలిచి, అది ట్యాంకు అడుగు కంటే కిందికి దిగిందని చూసుకున్నాకే డ్రెయిన్ వాల్వ్ తిప్పాలి.